చింపేస్తానన్న చీటీలు

ఆమెకు పిల్లలు పెట్టిన పేరు సంగతుల టీచర్. తరగతిలోకి అడుగు పెడుతూనే పుస్తకాలు తియ్యమనకుండా, "ఏంటర్రా సంగతులు?" అని అడిగేది. ఆ పేరు ఏ ఏడు ఎవరు పెట్టారో గానీ, చివరికి బడి గుమాస్తా కూడా సంతకాల పుస్తకం పట్టుకుని, "సంగతుల టీచర్‌గారు వచ్చారా?" అని వెతికే దాకా వచ్చింది.

బస్సు డిపో వెనకున్న ఐదు గదుల ప్రాథమిక పాఠశాల అది. టైంటేబుల్లో గురువారం చివరి పీరియడు ఎదురుగా "జీవన నైపుణ్యాలు" అని రాసి ఉండేది. రాసి ఉండడమే తప్ప ఆ గంట ఎవరికీ అక్కర్లేదు. లెక్కలు వెనకబడితే లెక్కల టీచర్ దాన్ని ఎత్తుకుపోయేది. లేకపోతే పిల్లల్ని ఆటలకి వదిలేసేవారు. సంగతుల టీచర్ ఆ బడికి వచ్చిన మొదటి ఏడే "ఆ పీరియడు నాకిచ్చెయ్యండి" అని అడిగితే, తోటి టీచర్లు నెత్తిన బరువు దిగినట్టు సంతోషించారు.

ఆ గంటలో ఆమె చెప్పేవేవీ పరీక్షలో రావు. బూటు లేసు ఊడకుండా కట్టుకోవడం. గోళ్లు తీసుకోవడం, తీసిన గోళ్లు పక్కవాడి మీద వెయ్యకపోవడం. బిస్కెట్ల పొట్లం మీద తేదీ చదవడం. దుకాణంలో చిల్లర తక్కువిస్తే ఏడవకుండా, గొడవ పడకుండా అడగడం. ఒంటి మీద ఎవరి చెయ్యి ఎక్కడ పడకూడదో, పడితే ఎవరికి చెప్పాలో. "వద్దు" అనే మాటను మూడు రకాలుగా అనిపించేది: స్నేహితుడితో అనే వద్దు, పెద్దవాళ్లతో అనే వద్దు, పారిపోతూ అరిచే వద్దు. ముప్ఫై రెండు మంది ఒక్కసారిగా మూడో రకం వద్దు అరిస్తే డిపోలో మెకానిక్కులు పనులాపి గోడ మీంచి తొంగి చూసేవారు.

ఒకసారి ఒక తల్లి వచ్చి మొర పెట్టుకుంది. "టీచర్‌గారూ, మీరు నేర్పిన వద్దు మావాడు స్నానం దగ్గర వాడుతున్నాడండీ."

"ఏ రకం వద్దండీ?"

"మూడో రకమేనండీ. వీధి వీధంతా పరిగెత్తుకొచ్చింది."

ఇవన్నీ చిన్నప్పుడు తనకెవరూ చెప్పలేదన్న బాధ ఆమెకు ఎప్పటికీ పోలేదు. పదకొండో ఏట గౌను మీద రక్తం చూసుకుని, ఏదో పెద్ద జబ్బు చేసిందనుకుని, రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా చావుకు సిద్ధపడి తిరిగింది. ఉన్న ఒక్క బొమ్మనీ చెల్లెలికి ఇచ్చేసింది కూడా. పందొమ్మిదేళ్లకు టీచర్ ట్రైనింగులో చేరేనాటికి బ్యాంకు ఫారం నింపడం రాదు, డాక్టరు ముందు నోరు విప్పడం రాదు.

అవి నేర్పింది హాస్టల్లో పక్క మంచం పిల్ల. తెల్లారి ఐదింటికల్లా కంచం మీద చెంచాతో కొట్టి గదిలో వాళ్లందర్నీ లేపేది గనక ఆమెకు అలారం అని పేరు. బ్యాంకు కౌంటరు ముందు ఈమెను నిలబెట్టి, "నువ్వే అడుగు. నేను పలకను" అని పక్కకు తప్పుకున్న మనిషి అలారం. ఈమె పెళ్లికి ముందు సంబంధం వచ్చిన డ్రైవరబ్బాయితో విడిగా మాట్లాడి వచ్చి, "మంచోడే. కాస్త బద్ధకం. చేసుకో" అని తేల్చిందీ అలారమే.

ఇరవై రెండేళ్ల తర్వాత ఆ అలారమే ఈ బడికి హెడ్మిస్ట్రెస్‌గా వచ్చింది. నలుగురిలో ఉన్నప్పుడు "మేడమ్", తలుపు వేశాక "ఏమే". సంగతుల టీచర్‌కు పండగలా ఉంది. ఇక ఈ బడిలో తన పీరియడు జోలికి ఎవరూ రారనుకుంది.

ఆమె గోడకు చీటీల పెట్టె తగిలించింది ఆ ఏడే. సిటీ బస్సు నడిపే భర్త, ఇంట్లో మిగిలిన ప్లైవుడ్డు ముక్కలతో చేసిచ్చాడు. పైన సన్నటి చీలిక, పక్కన చిన్న తాళం. నాలుగు, ఐదు తరగతుల పిల్లల్ని కూర్చోబెట్టి ఆమె చెప్పింది. "నోటితో అడగలేనివి ఇందులో రాసి వెయ్యండి. పేరు రాయొద్దు. నేనొక్కదాన్నే చదువుతాను. చదివాక చింపేస్తాను. ఇది నా మాట."

మొదట్లో చీటీలు వెటకారంగానే వచ్చాయి. "మీ వయసెంత?" అని ఏడుగురు అడిగారు. రెండు నెలలయ్యాక అసలువి పడడం మొదలైంది. "నేను రాత్రిపూట పక్క తడుపుతాను. నాకు తొమ్మిదేళ్లు. ఇది ఎప్పుడు పోతుంది?" "అమ్మా నాన్నా మాట్లాడుకోవట్లేదు. ఇద్దరూ నాతోనే చెప్పి పంపిస్తున్నారు. నాకు కాళ్లు నొప్పి." "మామయ్య ముద్దు పెడితే నాకిష్టం లేదు. గడ్డం గుచ్చుకుంటుంది. అంతే, ఇంకేం లేదు."

ఎవరి చీటీ అన్నది బయటపడకుండా ఆమె గురువారం పాఠంలో జవాబు చెప్పేది. పక్క తడపడం గురించి అందరికీ చెప్పింది. ఒక్కరూ నవ్వకుండా విన్నారు. ఆ రోజు ఇంటికెళ్తూ ఆమె, ఈ ఉద్యోగంలో ఇంతకన్నా ఏం కావాలి అనుకుంది.

నాలుగో తరగతిలో ఒక పిల్లను అందరూ రబ్బరు అని పిలిచేవారు. రాసింది నచ్చక చెరిపి, మళ్లీ రాసి, మళ్లీ చెరిపి, కాగితం చిరిగే దాకా వదిలేది కాదు. ఆ పిల్ల నోటుబుక్కు ఏ పేజీ తీసినా మసి, చిల్లులు. ఒక వారం పెట్టెలో అలాంటి చీటీ వచ్చింది.

"మా నాన్న రోజూ లంచ్ బాక్సు పట్టుకుని ఆఫీసుకని చెప్పి పార్కుకి వెళ్తున్నాడు. నేను బస్సులోంచి రెండుసార్లు చూశాను. ఉద్యోగం పోయిందేమో. అమ్మకి చెప్తే నాన్నని మోసం చేసినట్టు. చెప్పకపోతే అమ్మని మోసం చేసినట్టు. ఏది తక్కువ తప్పు?"

'మోసం' అన్న మాట దగ్గర కాగితానికి చిల్లు పడింది.

ఆ గురువారం ఆమె, ఇంట్లోకి వచ్చే జీతం ఆగిపోతే ఏం చేస్తారో పాఠం చెప్పింది. ఏ ఖర్చు ముందు తగ్గుతుంది, ఏది తగ్గకూడదు, ఉద్యోగం పోవడం సిగ్గుపడాల్సిన పనెందుకు కాదు. చివర్లో, ఎవర్నీ చూడకుండా, "పెద్దవాళ్ల రహస్యం మొయ్యడం పిల్లల పని కాదు. మీకు ఎవరి రహస్యమైనా తెలిసిపోతే, తెలుసని వాళ్లకే చెప్పెయ్యండి. ఆ తర్వాత అది వాళ్ల బరువు" అంది. రబ్బరు తల ఎత్తలేదు. వారం తిరిగాక మరో మసి చీటీ వచ్చింది. "నాన్నకి చెప్పాను. ఏడ్చాడు. వచ్చే నెల ఒకటో తారీఖులోపు అమ్మకి తనే చెప్తానన్నాడు."

ఈ రెండో చీటీని ఆమె చింపేసింది. మొదటిదాన్ని చింపలేకపోయింది. అలా మాట తప్పడం అదే మొదటిసారి కాదు. మనసుకు పట్టుకున్న చీటీలను ఒక గోధుమరంగు కవరులో వేసి బడి బీరువాలో దాచుకుంటోంది. ఎప్పుడైనా ఈ పాఠాలన్నీ ఒక పుస్తకంగా రాయాలని కోరిక. అప్పటికి పదకొండు చేరాయి. అంతటితో ఆగలేదు. ఒక మధ్యాహ్నం టీ తాగుతూ, గుండెల్లో పట్టలేక, రబ్బరు చీటీని అలారానికి చదివి వినిపించింది.

"ఎంత బాగా రాసిందే!" అంది అలారం. కప్పు కింద పెట్టి, "ఇలాంటివి ఇంకా ఉన్నాయా నీ దగ్గర?" అని అడిగింది.

"ఉన్నాయి. బీరువాలో" అంది ఈమె.

వచ్చే నెల రానే లేదు, భర్తకు ఆపరేషన్ పడింది. రెండు రోజులు సెలవు పెట్టి ఆసుపత్రిలో ఉండి, మూడో రోజు మధ్యాహ్నం బడికి వచ్చింది. గేటు దగ్గర కుర్చీలు, రంగు కాగితాలు. పైఅధికారులు నిన్న తనిఖీకి వచ్చి వెళ్లారట. ఇవాళ తల్లిదండ్రుల్ని పిలిచారట. పెద్ద గదిలో జనం. గోడకు ఒక అట్టబోర్డు. చుట్టూ పూల అంచు, పైన రంగు అక్షరాల్లో "మా పిల్లల మనసులో మాట". దాని మీద వరసగా పదకొండు చీటీలు అంటించి ఉన్నాయి.

ఒక్క క్షణం అవేమిటో ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి బోర్డు ముందు రబ్బరు వాళ్లమ్మ నిలబడి ఉంది. చేతిసంచీని రెండు చేతులా పొట్టకు అదుముకుని, కింది వరసలో మసిబారిన చీటీని చదువుతోంది. చదవడం అయిపోయింది, అయినా కదలలేదు. కూతురి హోంవర్కు రోజూ చూసే తల్లికి ఆ మసి, ఆ చిల్లు గుర్తుపట్టడానికి ఎంతసేపు పడుతుంది? పక్కనున్న ఇద్దరు తల్లులు అదే చీటీ చదివి, "పాపం, ఎవరో" అని నిట్టూర్చారు.

రబ్బరు గది గుమ్మంలో ఉంది. వాళ్లమ్మను కాదు, సంగతుల టీచర్నే చూస్తోంది.

టీచర్ బోర్డు దగ్గరకు వెళ్లి చీటీలు పీకడం మొదలుపెట్టింది. జిగురుతో అంటించడం వల్ల కొన్ని సగానికి చిరిగాయి. జనం మాటలాపి చూశారు. "టీచర్‌గారూ, అదేంటి?" అని గుమాస్తా పరుగెత్తుకొచ్చాడు. పదకొండూ గుప్పిట్లో నలిపి పట్టుకుని ఆమె సరాసరి హెడ్మిస్ట్రెస్ గదిలోకి వెళ్లి తలుపేసింది.

"నా బీరువా ఎవరు తెరిచారు?"

అలారం నిలబడింది. "బీరువా బడిదే. తాళంచెవి నా దగ్గరా ఒకటుంటుంది, నీకు తెలుసుగా. ముందు కూర్చో."

"కూర్చోను. నన్నడిగావా?"

"నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు. అధికారులు వస్తున్నారని ముందురోజు సాయంత్రం చెప్పారు. పిల్లలు తగ్గిపోయారు, ఈ బడిని ఇంకో బడిలో కలిపేద్దామంటున్నారే. ఏదో ఒకటి చూపించాలా, వద్దా? వచ్చినవాళ్లలో పెద్దాఫీసరు నీ బోర్డు ముందు పావుగంట నిలబడ్డాడు. ఫొటోలు తీసుకున్నాడు. ఇలాంటిది ఎక్కడా చూడలేదన్నాడు. బడి నిలబడిందే! నీ వల్లే నిలబడింది."

"వాళ్లకి మాటిచ్చాను."

"పేర్లు లేవుగా!"

"చేతిరాత పేరు కాదా? ఆ మసి ఎవరిదో నీకు నేనే చెప్పాను. చెప్పానా, లేదా?"

 అలారం గొంతు పెంచకుండానే అంది. "చింపేస్తానన్నదానివి, ఎందుకు దాచావు మరి?"

సంగతుల టీచర్‌కు ఆ మాట గుచ్చుకుంది. అది నిజం. అన్నది మాత్రం తన బలమూ బలహీనతా లోపలి దాకా తెలిసిన మనిషి. ఇరవై రెండేళ్ల స్నేహంలో తన గురించి తెలుసుకున్నదంతా అలారం ఆ ఒక్క ప్రశ్నలో పెట్టి విసిరినట్టనిపించింది.

శనివారం రబ్బరు నాన్న వచ్చాడు. సన్నటి మనిషి, ఇస్త్రీ చేసిన చొక్కా. మరో ముగ్గురు తల్లిదండ్రులు కూడా వచ్చారు, పక్క తడిపే పిల్లాడి తల్లితో సహా. ఆవిడ కేకలేసింది. ఆయన వెయ్యలేదు.

"ఇంకో ఆరు రోజులు ఆగితే నేనే చెప్పేవాణ్ణండీ" అన్నాడు. "ఏం చెప్పాలో కాగితం మీద రాసుకున్నాను కూడా. మా ఆవిడ నలభైమందిలో నిలబడి తెలుసుకుంది. ఇప్పుడు నేను ఏం చెప్పినా, ఆ కాగితం చూశాక చెప్పినట్టే కదా."

అలారం గొంతు సవరించుకుంది. సంగతుల టీచర్ ఆమె వైపు చూసింది. ఇప్పుడైనా చెబుతుందనే అనుకుంది. బీరువా తెరిచింది నేనే, అంటించింది నేనే, అంటుందని.

"చూడండి, ఆ పెట్టె పూర్తిగా ఆ టీచర్‌గారి బాధ్యత" అంది అలారం. "చీటీలు ఎప్పటికప్పుడు చింపేస్తామన్నది వారే. అది జరగలేదు. బడి తరఫున నేను విచారం తెలియజేస్తున్నాను. వారిని వివరణ రాసివ్వమన్నాను."

ఆ మాటలు పూర్తిగా అబద్ధం కావు. అదే సంగతుల టీచర్‌కు ఎక్కువ నొప్పి కలిగించింది. లేచి, "పిల్లలకి మాటిచ్చింది నేను. తప్పింది నేను" అంది. బోర్డు మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకుంది. అప్పుడు మాత్రం, తలుపులు తీసిన గదిలో అలారం తనని "వారు" అనడమే చెవుల్లో మోగుతూ ఉంది.

తర్వాతి గురువారం తరగతిలో "ఏంటర్రా సంగతులు?" అనడానికి నోరు రాలేదు. నిలబడే చెప్పింది. "మీ చీటీలు చింపేశానని మీకు చెప్పాను. కొన్ని దాచుకున్నాను. ఒకటి ఇంకొకరికి చదివి వినిపించాను కూడా. మీరు నన్ను నమ్మారు, నేను నిలబెట్టుకోలేదు. నన్ను క్షమించమని అడుగుతున్నాను. క్షమించకపోయినా ఫరవాలేదు."

వెనక బెంచీలోంచి ఒకడు, "బోర్డు మీద మీరే అంటించారా?" అని అడిగాడు.

"లేదు. కానీ నేను దాచకపోతే అంటించడానికి ఉండేవి కావు."

రబ్బరు చెయ్యెత్తింది. ఎప్పుడూ ఎత్తని పిల్ల. "ఎవరికి చదివారు?"

టీచర్ చెప్పింది. తరగతంతా హెడ్మిస్ట్రెస్ గది వైపు చూసింది.

"మీకు ఆవిడంటే నమ్మకమా?" అంది రబ్బరు.

"ఉండేది."

"నాకూ" అని రబ్బరు కూర్చుంది. మీ మీద అన్న మాట అనలేదు. అనకపోయినా అందరికీ వినబడింది.

ఆ ఆదివారం ఆమె వాళ్లింటికి వెళ్లింది. రెండో అంతస్తులో చిన్న వాటా. టీచర్ గొంతు వినగానే పిల్ల లోపలి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. తల్లి మంచినీళ్లిచ్చింది.

"నిజం తెలియడం మంచిదేనండీ" అంది ఆవిడ. "ఆయన మీద కోపం పోతుంది. నా పిల్ల రెండు నెలలు దీన్ని ఒంటరిగా మోసిందంటేనే తట్టుకోలేకపోతున్నాను. మీతోనైనా చెప్పుకుందని మొదట సంతోషించాను. మీరు కూడా ఇలా చేశారే అని తర్వాత..."  టీచర్ లేచి, మూసి ఉన్న తలుపు వైపు తిరిగి, క్షమించమని అడిగింది. లోపల్నుంచి ఏ చప్పుడూ రాలేదు.

పెట్టె ఆ తర్వాత ఇంకో రెండు నెలలు గోడకే ఉంది. "పళ్లు ఎన్నిసార్లు తోముకోవాలి?" అన్న చీటీలు మాత్రమే వచ్చాయి. ఒకరోజు ఆమె దాన్ని తీసేసి ఇంటికి పట్టుకెళ్లింది. భర్త ఎందుకు తెచ్చావని అడగలేదు. దాని తలుపు ఊడదీసి మేకులూ మరలూ దాచుకునే డబ్బాగా చేసుకున్నాడు.

అప్పుడొచ్చింది పైనుంచి ఉత్తర్వు. ప్రతి ప్రాథమిక పాఠశాలలోనూ "మనసులో మాట" పెట్టె ఉండాలి. చీటీలను తరగతుల వారీగా వేరుచేసి భద్రపరచాలి. నెలకు ఎన్ని వచ్చాయో లెక్క పంపాలి. అలారానికి పదోన్నతి వచ్చింది, ఈ పథకం చూసుకోవడానికే. మొదటి శిక్షణకు మాట్లాడమని సంగతుల టీచర్‌కు కబురొచ్చింది. ఫోన్ చేసింది అలారమే.

"నువ్వు మొదలుపెట్టినదే కదే. నువ్వే చెప్పాలి. పాతవి మనసులో పెట్టుకోకు."

"వస్తాను" అంది ఈమె.

పొడవాటి హాల్లో అరవైమంది టీచర్లు, ఒక్కొక్కరి ముందు కొత్త ఫైలు. అలారం వేదిక మీద కూర్చుంది. సంగతుల టీచర్ తెచ్చుకున్న కాగితమేమీ లేదు. పక్క తడిపే పిల్లాడి సంగతి, బోర్డు సంగతి, తను దాచిన కవరు సంగతి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఎవరి పేరూ ఎత్తలేదు. "బోర్డు మీద అంటించింది నా స్నేహితురాలు. చీటీలు దాచింది నేను. మా ఇద్దరికీ మంచి ఉద్దేశమే ఉంది. పిల్లలకి దానితో పని లేదు. మీ ఫైల్లో ఒక్క చీటీ అయినా పెట్టేట్టయితే, దయచేసి పెట్టె పెట్టకండి. వాళ్లు అడగడానికి వస్తే పక్కన కూర్చుని వినండి. లెక్క రాయకండి."

హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అలారం లేచి, ముఖం ఎటూ తిప్పకుండా, "టీ విరామం" అంది.

వరండాలో ఇద్దరూ ఎదురయ్యారు.

"నా పరువు తియ్యడానికే వచ్చావా?" అంది అలారం. కళ్లలో నీళ్లున్నాయి.

"నీ పేరు చెప్పలేదు."

"చెప్పాలా? అందరికీ తెలుసు."

"అదే. ఆ పిల్ల కూడా పేరు రాయలేదు" అంది సంగతుల టీచర్. ఈ మాట అనాలని ఆమె ముందుగా అనుకోలేదు. అన్నాక గెలిచినట్టేమీ అనిపించలేదు. తెల్లారి ఐదింటికి కంచం మీద మోగే చెంచా ఒక్కసారి గుర్తొచ్చి, దుఃఖం పొంగుకొచ్చింది. టీ తాగకుండానే బస్సెక్కింది. ఆ రోజు తర్వాత ఇద్దరూ మాట్లాడుకోలేదు. పథకం ఏడాదిపాటు నడిచి, లెక్కలు పంపేవాళ్లు తగ్గిపోయి, దానంతటదే ఆగిపోయింది. బడిని కూడా అనుకున్నట్టే ఇంకో బడిలో కలిపేశారు.

కలిపేసే ముందు చివరి బడిరోజున ఐదో తరగతి పిల్లలు టీచర్లతో ఫొటోలు దిగి, పుస్తకాల్లో సంతకాలు పెట్టించుకుంటున్నారు. గేటు దగ్గర రబ్బరు నాన్న కనిపించాడు. పార్సిల్ ఆఫీసులో చేరాడట, జీతం మునుపటికన్నా తక్కువేనట. ఇంట్లో అంతా మామూలుగానే ఉందన్నాడు. మామూలుగా అన్న మాట కొంచెం ఆగి అన్నాడు.

"పాప..." అంది టీచర్.

"అదిగోండి" అని చూపించాడు.

రబ్బరు పది అడుగుల దూరంలో రోడ్డు వైపు తిరిగి నిలబడి ఉంది. ఈ ఏడాది పొడుగైంది. నాన్న రెండుసార్లు పిలిచాడు. "టీచర్‌గారికి చెప్పి రామ్మా." పిల్ల వెనక్కి తిరగలేదు.

"పిలవకండి" అంది సంగతుల టీచర్. ఆయన నమస్కారం పెట్టి వెళ్లి కూతురి సంచీ అందుకున్నాడు. ఇద్దరూ రోడ్డు దాటి, డిపో గోడ వెంట నడుచుకుంటూ మలుపు తిరిగేదాకా ఆమె గేటు పట్టుకుని నిలబడే ఉంది.